మూలుగలోని బదిలీవాళ్లు

1960ల నాటి ఒక మాఘమాసపు మధ్యాహ్నం. బెల్లంపల్లిలో బొగ్గుబావుల కార్మికుల కొరకు వెలసిన దవాఖానా, మగవారి వార్డు. కిటికీ పక్క మంచం మీద, కార్తీకంలో విరిగిన కుడికాలు సున్నపు కట్టులో బిగిసిపోయి, మనసు మాత్రం ఇంకా బావి అడుగుననే తిరుగుతూ ఉన్న టింబర్‌మేన్ సారయ్య. పక్క మంచం మీద, ధనుర్మాసపు పొంగలి గిన్నె ఒలికి ముంజేయి కాలిన బడి తెలుగు పండితుడు దశరథం పంతులు. ఇద్దరి నడుమ ముక్కాలిపీట మీద, హైదరాబాదులో నర్సు చదువు చదువుతూ సెలవు మీద వచ్చిన సారయ్య బిడ్డ సరోజన.

“…ఇగ బదిలీ అనకు బిడ్డా. గా మాట నా చెవుల వడితె అతికిన బొక్క గూడ జరుగుతది.”

“నేనన్ననా బాపూ? కొండల్ పేరెత్తంగనె బదిలీగాడని నువ్వే అన్నవ్.”

“నేననచ్చు. నేను ఇరువై ఏండ్ల పర్మినెంట్ మనిషిని.”

“సారయ్యా, రోగియైనవాడు కోపింపరాదు. ఈ సందర్భమునకు తగిన పద్యమొకటి నా మనస్సులో…”

“పంతులూ, దండం వెడ్త. పద్యం తర్వాత. బిడ్డా, గియ్యాల లస్మవ్వ మందమర్రి కెల్లి బస్సెక్కి నిన్ను చూడ వస్తుంది. కొడుకు ముత్యం, బాయి దీపాలిచ్చే లాంప్ రూముల గుమాస్త. నీడపట్టు పని. చెమట వట్టది, అంగి నల్లవడది. నాలుగు గంటలకు చూడనిచ్చే గంట కొడ్తరు, మీ అవ్వ వాళ్లను సీద ఈ మంచం కాడికే తోల్కొస్తది. నేను ‘సరే’ అంటె అయిపాయె. నువ్వు జర తల దువ్వుకోని కూసుండు.”

“తల దువ్వుకున్న. మనసే దువ్వుకోలే.”

“ఇగో, పట్నం పంపితె వచ్చే మాటలు గిసుంటియే.”

“కొండల్‌కు ఏం తక్కువ? గది చెప్పు.”

“ఏం తక్కువ లేదు. మనోడే. తాగడు, పత్తలాడడు. మొకం గూడ మంచిగనే ఉంటది. కాని వాని పనేంది? బదిలీ, అంటె రానోని జాగల చేసుడు. పొద్దుగాల లేస్తడు, బాయి మీదికి పోతడు, హాజరేసే మస్టర్ కాడ నిలవడ్తడు. ఇయ్యాల ఎవడు రాలే, ఎవనికి జరమచ్చింది అని కండ్లు ఇంతింత జేస్కోని చూస్తడు. ట్రామర్ రాకుంటె బొగ్గు టబ్బు నూకుతడు. ఫిల్లర్ రాకుంటె తట్ట వట్టుకుంటడు. అందరచ్చిండ్రనుకో, తువ్వాల దులుపుకోని ఇంటికి! వాడు బువ్వ తినాలంటె ఇంకొకని కడుపు నొయ్యాలె. అసుంటోనికి పిల్లనిస్తరా ఎవరన్న?”

“ఇప్పుడు ఎవరి జాగల చేస్తుండు?”

“ఎవని జాగలనో చేస్తుండు తియ్యి.”

“ఎవరి జాగల బాపూ?”

“నా జాగల.”

“అహ్హహ్హా! క్షమింపుము సారయ్యా. చేయి మండుచున్నను నవ్వు ఆగలేదు.”

“నవ్వుండ్రి పంతులూ, నవ్వుండ్రి. నా కాలిరిగితె వాడు బువ్వ తినవట్టె. గింతకంటె అన్యాలం ఏమన్న ఉంటదా? సరె, గా ముచ్చట ఇడువు. నా కాలు సంగతేంది? మొన్న కాలుకు పోటో తీసిండ్రు. డాక్టర్ నాకేం చెప్పకపాయె. నీకేమన్న చెప్పిండా?”

“అతుకుతది బాపూ.”

“అతుకుతదా, అతికిందా?”

“ముందు బొక్క ఎట్ల అతుకుతదో చెప్త, ఇను.”

“నేనడిగింది గది కాదు.”

“ఇను బాపూ. మన ఒళ్లంత కణాలే. కంటికి కానరానంత సన్నయి. గోడల ఇటుకలున్నట్టు.”

“ఇటుకలన్నీ ఒక్కతీరుగనే ఉంటయి.”

“ఇవి ఉండయి. ఏ పనికి ఆ రూపు. ఇగో, నెత్తురుల ఎర్రకణమని ఉంటది. ఊపిరితిత్తుల కాడ మంచి గాలి నింపుకోని ఒళ్లంత తిరిగి పంచుకుంట వస్తది.”

“అంటె ఫిల్లర్ అన్నట్టు.”

“ఆఁ, ఫిల్లరే. గందుకే అది తట్ట తీరుగనే ఉంటది. నడిమిట్ల గుంత, సుట్టు అంచు. సందు ఇరుకైతె ఒంగి దూరిపోతది. ఇంకో ముచ్చట చెప్పనా? ప్రతి కణానికి నడుమ ఒక గింజసుంటిది ఉంటది. ఏం జెయ్యాలె, ఎట్ల పెరగాలె అన్న తెలివి, అకలంత దాంట్లనే. ఎర్రకణం ఆ గింజను గూడ బయట పారేసుకుంటది.”

“అకలును పారేసుకుంటదా? ఎందుకు?”

“గాలికి జాగ గావాలె గదా. సొంత సామాను పెట్టుకుంటె మోత తక్కువైతది.”

“ఓరి దీని పాడుగాను! పనంటె గట్లుండాలె. రాసుకోండ్రి పంతులూ.”

“రాయుటకు చేయి లేదు నాయనా, వినుచున్నాను. కడుపులోని బీజమును సైతము త్యజించి, పరుల కొరకు ప్రాణవాయువును మోయు ఆ కణము సన్న్యాసి వంటిది.”

“అచ్చం సన్న్యాసే సారూ. గింజ లేదు గనుక దానికి పిల్లలు పుట్టరు. ఓ నాలుగు నెలలు మోసి మోసి సచ్చిపోతది.”

“పిల్లలు లేకుంటె మరి ఒంట్ల నెత్తురు అయిపోవాలె గదా?”

“మంచిగడిగినవ్. ఆడికే వస్తున్న.”

“ఆడికి రాకు. కాలు కాడికి రా.”

“కాలంటె యాదికచ్చింది. నీ బొటనవేలు గిచ్చితె నీకెట్ల ఎరుకైతది? బాయి అడుగున తీగ గుంజితె పైన ఇంజన్ కాడ గంట మోగినట్టు. గా తీగ నరం కణం. నడుం కాడ దాని తలకాయ, కాలివేలు కాడ దాని తోక. అంత పొడుగు ఒక్కటే కణం.”

“ఒక్కటే? కంటికి కానరాదంటివి!”

“సన్నదనం కానరాదు. పొడుగు మాత్రం నీ కాలంత.”

“మరి నా ముంజేతి మాట ఏమి తల్లీ? నీకు బడిలో గురువును గదా, నన్ను మరచితివా?”

“మరువలే సారూ. మీ పైతోలు కణాలు సచ్చినంకనె పనికస్తయి. బండలు పేర్చినట్టు ఒకదాని మీదొకటి పరుసుకుంటయి. లోపలికి పురుగు రానియ్యయి, తడి బయటికి పోనియ్యయి.”

“చచ్చియు కావలి కాయుదురా! ఆహా! ఆ పరమాత్ముని నిర్మాణ చాతుర్యమును గూర్చి ఒక పద్యము…”

“పంతులూ! ఆగుండ్రి. నా బిడ్డ నా మాటనే చెప్తుంది, ఇననియ్యుండ్రి. సరూ, నువ్వు చెప్పిందేంది? ఎవని పని వానిది. తట్టోడు తట్టోడే, తీగోడు తీగోడే. ఔనా? నేను టింబర్‌మేన్‌ను. బాయిల కప్పును కర్రతోటి కొట్టి సప్పుడు ఇంట. ‘టణ్’ అన్నదనుకో, నిలుస్తది. ‘బొద్’ అన్నదనుకో, కింద కర్ర నిలబెట్టాలె, లేకుంటె మీద వడ్తది. ఇరువై ఏండ్లు గా సప్పుడు ఇని ఇని నా చెవులు గట్లనే అయినయి. మీ అవ్వ పిలిస్తె ఇనవడది గాని బండ గునిస్తె ఇనవడ్తది.”

“అవ్వ గదే అంటది.”

“అంటది. గందుకే చెప్తున్న. నేను ఇంకోటి గాలేను. ఒళ్లు గూడ గిదే నడుపుతుందని నీ నోటితోటి నువ్వే చెప్పినవ్. ఒంట్ల పర్మినెంటోళ్లే ఉన్నరు. బదిలీ ఉన్నడా? లేడు. అయిపాయె. ముత్యమే ఖాయం.”

“ఉన్నడు.”

“ఎవడు?”

“బదిలీ. నీ ఒంట్లనే ఉన్నడు.”

“నా ఒంట్లనా? యాడ?”

“బొక్కల. మూలుగల.”

“తీసెయ్యమను డాక్టర్‌ను!”

“తీస్తె సస్తవ్ బాపూ. ఎర్రకణానికి పిల్లల్లేరంటి గదా, మరి కొత్తయి యాడికెల్లి వస్తయి? మూలుగల కొన్ని కణాలుంటయి. వాటికి తట్ట రూపు లేదు, తీగ రూపు లేదు. ఏ పనిముట్టు లేకుంట గుండ్రంగ కూసుంటయి. మోసేటియి తక్కువైతె ఎర్రకణాలైతయి. రోగంతోటి కొట్లాడేటియి తక్కువైతె తెల్లకణాలైతయి. గాయమై నెత్తురు కారితె దాన్ని గడ్డకట్టించేటియి ఐతయి.”

“అంటె మూలుగ కాడ మస్టర్ పెట్టి నిలవడ్తరన్నట్టు.”

“గంతే. ఇంగ్లీషుల స్టెమ్ సెల్ అంటరు సారూ. స్టెమ్ అంటె చెట్టు కాండం.”

“కాండకణమా? చెవికి మిక్కిలి కర్కశముగా నున్నది. అన్నిటికిని మొదలైనది గనుక మూలకణమనుము.”

“ఏ పేరు వెట్టినా బదిలీ బదిలీయే పంతులూ. పక్కోడు సస్తె వీనికి పని.”

“పక్కోడు ఎట్లయినా సస్తడు బాపూ. వీడు లేకుంటె నాలుగు నెలలకు నీ ఒంట్ల తట్ట మోసేటోడు ఒక్కడుండడు. ఇంకో గమ్మత్తున్నది. పనికి పొయ్యే ముందుగాల అది రెండైతది. ఒకటి పనికి పోతది, ఇంకొకటి మల్ల మస్టర్ కాడనే ఉంటది. గందుకే ఎన్నటికి అయిపోది.”

“అగో! దొరికినవ్! మల్ల బదిలీగనే ఉంటదని నువ్వే అన్నవ్. తండ్రి బదిలీ, కొడుకు బదిలీ, నా మనుమలు గూడ తువ్వాల భుజాన ఏసుకోని…”

“సారయ్యా, పురాణమందొక దైత్యుడు గలడు. వాని నెత్తుటి బొట్టు నేల రాలినచోటనెల్ల వాని వంటివాడే మరియొకడు లేచి నిలుచును.”

“ఇన్నవా బిడ్డా? బదిలీగాడు రాక్షసుడట. పంతులు గూడ నా దిక్కే.”

“తొందరపడకుము. అచ్చట బొట్టు బొట్టునకు కలహించువాడు పుట్టెను. ఇచ్చట బొట్టు బొట్టునకు ఊడిగము చేయువాడు పుట్టుచున్నాడు. నేను నీ పక్షము కాను నాయనా, పొంగలి పక్షము. నా ముంజేతికి ఈ మూలకణము దక్కునా తల్లీ?”

“మీ తోలుల గూడ ఉన్నయి సారూ, అడుగు పొరల. బాగ కాలిన జాగల అవి గూడ కాలిపోయినయి. గందుకే డాక్టర్ మీ తొడ మీది తోలు పలుచగ తీసి ఈడ అతికిస్తనంటుండు. గా తోలు తోటి దాని కణాలు గూడ వచ్చి కొత్త తోలు పెంచుతయి. పరదేశాలల్ల ఇంకా పెద్ద పని చేసి చూస్తున్నరట. మూలుగ చెడిపోయిన మనిషికి ఇంకొకరి మూలుగ ఎక్కిస్తె అది పొయ్యి బొక్కలల్ల కుదురుకోని కొత్త నెత్తురు చేస్తదట. ఇంకా సరిగ్గ కుదుర్త లేదు గాని ఇడిసిపెట్టలేదని మా డాక్టరమ్మ చెప్పింది.”

“ఒకని మూలుగ ఇంకొకనికా? ఛీ, ఛీ! ఎవనిదో ఎరుకలేంది ఒంట్లకు రానిస్తరా?”

“కాలిరిగిన నాడు నీకు ఎక్కించిన నెత్తురు ఎవరిది బాపూ?”

“దవాఖానది.”

“దవాఖాన నెత్తురు గనదు.”

“మరెవనిది?”

“నీకు టబ్బు తాకిన నాడు నిన్ను భుజాన ఏసుకోని పైకి తెచ్చింది ఎవరు? ఆ మనిషే నెత్తురియ్య చెయ్యి చాపిండు.”

“కొండలా? వాడా? నాకెవరు చెప్పలేదేంది? అరే! గందుకేనా! గందుకే మనసు ఒక్కజాగల నిలుస్తలేదు! పొద్దుగాల ఈ మంచం మీద కూసోవాలనిపిస్తది, పగటికి గా మంచం మీద కూసోవాలనిపిస్తది. బదిలీ నెత్తురు గదా!”

“సారయ్యా, కట్టు కట్టినవానికెవనికైనను అట్లే అనిపించును. నాకును అనిపించుచున్నది, నాకెవడును నెత్తురు పోయలేదు.”

“నవ్వకు బిడ్డా. ఇంకా తిరుగుతున్నదా అది నాల?”

“మూడు నెలలే గదా. ఇంకా కొంచెం తిరుగుతనే ఉంటది.”

“నెత్తురిచ్చి మంచిపని చేసిండు, కాదన్న. దేవుడు వాన్ని సల్లగ సూడాలె. కాని పిల్ల ముచ్చట వేరె.”

“సరె, వేరె. ఒక్కటి చెప్పు. నువ్వు లేవు, మూడు నెలలాయె. నీ జాగల కప్పు కూలిందా?”

“లేదు.”

“బాయిల పని చూసే ఓర్‌మేన్ హనుమండ్లు కాక మొన్న నిన్ను చూడచ్చిండు గదా. ఏమన్నడు?”

“ఏమంటడు! అరటిపండ్లు వెట్టి పోయిండు.”

“అసత్యము సారయ్యా. నేను విన్నాను. కర్రలెట్లున్నవని నీవే అడిగితివి. ‘కొండల్ పెట్టిన కర్రలు నువ్వు పెట్టినట్టే ఉన్నయి’ అని ఆయన చెప్పెను. ఆ రాత్రి నీవు నిద్రపోలేదు, నన్ను పోనీయలేదు.”

“పంతులూ, మీరు నోరు మూసుకోని పద్యం చదువుకోండ్రి.”

“తీరా ఇప్పుడా? అట్లే కానిమ్ము, చదువుదును. మూలకణమును గూర్చి ఇప్పుడే కూర్చినాను.

రూపు లేదు చేత రోకలి లేదయా
లోటు పడిన చోటిలోన జేరి
తోలు తానె యగును తుదకు నెత్తురగును
బొక్క లతుకునట్టి పుణ్యమూర్తి!”

“మంచిగున్నది సారూ. కాని మూలుగల ఉండేటిది నెత్తురే ఐతది, తోలు గాదు. తోలుల ఉండేటిది వేరె. అవ్వ కడుపుల పిండం మొదలు పడ్డప్పుడైతె అన్నీ అయ్యేటి కణాలుంటయి.”

“ఆటవెలదిలో అంత శాస్త్రము పట్టదు తల్లీ.”

“గీ పుణ్యమూర్తి ఎవడు పంతులూ? కొండలేనా?”

“నేను పేరు చెప్పలేదు నాయనా. నీవే చెప్పితివి.”

“బాపూ, ఆఖరు ముచ్చట. బదిలీ కణం ఏ కణంగ మారాలెనో ఎవరు చెప్తరు? దానికి దానంతట ఎరుక లేదు. సుట్టుముట్టు ఉన్న కణాలు చెప్తయి. ఎవరి పక్కన ఉంటె వాళ్లు చెప్పిన పని నేర్చుకుంటది.”

“ఉంటె ఏంది?”

“బాయి దిగినంక కొండల్ ఇంటికి పోతుండా, ఈడికస్తుండా?”

“ఈడికే అస్తడు. మొకం గూడ కడుక్కోడు. ‘మామా, ఇయ్యాల కప్పు గిట్ల గునిసింది’ అని నోటితోటి సప్పుడు జేసి చూపిస్తడు. నేను కాదురా, గట్ల గాదు, గిట్ల అని చేసి చూపిస్త.”

“వార్డంతయు దద్దరిల్లును తల్లీ. ఒకడు ‘టణ్’ అనును, ఒకడు ‘బొద్’ అనును. మొదటి దినము నర్సమ్మ ఇద్దరికిని జ్వరము చూచినది.”

“మొదట్ల వానికేం తెల్వకపోయేది పంతులూ. టణ్‌కు, బొద్‌కు ఫరక్ తెల్వది. ఇప్పుడు… ఇప్పుడు వాడు జేసిన సప్పుడు ఇంటె, నేను కండ్లు మూస్కోని బాయిలున్నట్టే ఉంటది.”

“మరి వాన్ని టింబర్‌మేన్‌ను చేసిందెవరు బాపూ?”

“జర గా దుప్పటి కాలు మీదికి గుంజు బిడ్డా.”

“సారయ్యా, బిడ్డ అడుగుచున్నది.”

“ఇంటున్న పంతులూ. నాకు చెముడు లేదు. గంటకు ఇంకెంత యాళ్లున్నది?”

“ఇప్పుడో ఇంకింతసేపటికో కొడ్తరు.”

“ఐతె బిరాన పో. మీ అవ్వను గేటు కాన్నే ఆపు. లస్మవ్వకు చాయ పోయించి, మా ఆయిన వేరె మాట ఇచ్చిండని మర్యాదగ చెప్పుమను. ఏం చూస్తున్నవ్? బదిలీ ఐతె బదిలీ. నేనే తయారు జేసిన పిల్లగాన్ని నేనే కాదంటె కప్పు నా మీదనే కూలుతది.”

“సాధు! సాధు! శుభమస్తు!”

“నిలవడ్డవేందే? ఏడుస్తున్నవా? ఒప్పుకున్నంక ఏడుస్తరా ఎవరన్న?”

“బాపూ, కొండల్ వచ్చే సోమారం సంది బదిలీ గాదు. పర్మినెంట్ చేసిండ్రు.”

“ఏందీ? పర్మినెంటా! ఓరి నీ… మరి ముందుగాల్నే చెప్తె అయిపోయేది గదా! తట్టలని, తీగలని, నా బొక్కలన్నీ తవ్విపోస్తివి! ఒక్కమాట చెప్తె ఎగిరి గంతేసి ఒప్పుకుందును.”

“గందుకే చెప్పలే. అప్పుడు నువ్వు నన్ను పర్మినెంట్‌కు ఇచ్చెటోనివి. కొండల్‌కు గాదు.”

“చూసిండ్రా పంతులూ! నా బిడ్డ! ఏ పనిల వేసిండ్రు? ఫిల్లరా?”

“టింబర్‌మేన్.”

“శబాష్! ఏ బాయిల?”

“నీ బాయిలనే.”

“మా బాయిలనా? మా బాయిల టింబర్ జాగ యాడ ఖాళీ అయింది? అంజన్న దిగిపోయిండా?”

“అంజన్న కాక మంచిగనే పనికి పోతుండు.”

“కొమురెల్లి?”

“కొమురెల్లి మామ గూడ.”

“మరి ఎవని… బిడ్డా, ఇటు చూడు. ఎవని జాగల?”

“సారయ్యా, కొంచెము నీళ్లు త్రాగుము.”

“మీకెరుకేనా పంతులూ?”

“నిన్న డాక్టరుగారు అమ్మాయితో ఇచ్చటనే నిలిచి మాట్లాడినారు. నీవు నిద్రలో నుంటివి. ఎముక అతుకును నాయనా, నడిచెదవు, తిరిగెదవు. బావిలోనికి మాత్రము దిగరాదన్నారు.”

“బాపూ, నీ పర్మినెంట్ ఏం పోలే. పైననే పని ఇస్తరట. ఇదీ అని ఒక్క పని చెప్పలే. ఒకనాడు లాంప్ రూమ్, ఒకనాడు క్యాంటీన్. యాడ మనిషి తక్కువుంటె ఆడికి.”

“యాడ మనిషి తక్కువుంటె ఆడికి.”

“ఊఁ.”

“అగో, గంట కొట్టిండ్రు.”

“పోత బాపూ. అవ్వను ఆపుత.”

“ఆగు. ముందు కొండల్ కాడికి పోయి ఒక్కమాట అడుగు. వాడిప్పుడు పర్మినెంటోడాయె. బదిలీగాని బిడ్డను చేసుకుంటడా లేదా అని.”